రాత్రి విన్నది, పొద్దున అమ్మకి చెప్పింది

2009 అక్టోబరు నెలాఖర్లో అమ్మ నా పురుడికని ఇంగ్లండ్‌లోని కావెంట్రీ వచ్చింది. ఆరు నెలల వీసా. సూట్‌కేసు తెరిస్తే సగానికి సగం బాలింత సామానే. కాయం, వాము, సాంబ్రాణి, కొబ్బరినూనె, నాన్న పాత పంచెలు చింపి ఉతికి మడత పెట్టిన గుడ్డలు. వాటి మధ్య జాగ్రత్తగా చుట్టిన ఒక స్టీలు గిన్నె. అంచు కింద చుక్కల అక్షరాలతో తాతగారి పేరు, అమ్మ పెళ్ళయిన సంవత్సరం చెక్కి ఉన్నాయి. "ఇక్కడ గిన్నెలు దొరకవనుకున్నావా అమ్మా?" అన్నాను. "దొరుకుతాయిలే, పేరున్న గిన్నె దొరకదుగా" అంది.

బాబు నవంబరులో పుట్టాడు. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా వాడికి నిద్ర ఉండేది కాదు. పాలు పట్టడం, భుజాన వేసుకుని త్రేన్చేదాకా తిప్పడం, పడుకోబెట్టగానే మళ్ళీ ఏడుపు. మా ఆయనకి పొద్దున ఆరింటికే షిఫ్ట్. లైటు వేస్తే లేస్తారు, అందుకని పుస్తకం పట్టుకునే వీలు లేదు. పాటల కోసం కొన్న ఎంపీత్రీ ప్లేయర్ ఒకటి ఉండేది. ఎదురింటి పెద్దావిడ బాబుని చూడటానికి వచ్చినప్పుడు, పుస్తకాలు చదివి వినిపించే లిబ్రివాక్స్ గురించి చెప్పింది.

2005లో మాంట్రియల్‌లో హ్యూ మెక్‌గ్వైర్ అనే ఆయన మొదలుపెట్టిన పని అది. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలని మామూలు మనుషులే తమ ఇళ్ళల్లో కూర్చుని, పైసా తీసుకోకుండా, చదివి రికార్డు చేసి పెడతారు. ఎవరైనా దించుకుని వినచ్చు. ఒక అధ్యాయం ఒకరు, తర్వాతి అధ్యాయం ఇంకొకరు. ఒకావిడ చదువుతుంటే వెనకాల ఎక్కడో కుక్క మొరిగింది. ఒకాయన గొంతులో జలుబు తెలిసిపోతోంది, అయినా ఆపకుండా చదివాడు. ప్రతి భాగం మొదట్లో ఇది లిబ్రివాక్స్ రికార్డింగు అని ఒకే మాట వస్తుంది. ఇప్పటికీ ఆ మాట చెవిన పడితే నా ఎడమ భుజం మీద బరువు తెలుస్తుంది.

మొదట జార్జ్ ఎలియట్ రాసిన సైలస్ మార్నర్ నవల దించుకున్నాను. డిగ్రీలో అది మాకు ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్. కుదించిన చిన్న పుస్తకం, గైడు చూసి బట్టీ పట్టి రాసేశాం. కథ తెలిసిందే కాబట్టి చెవికి ఇట్టే అందుతుందనుకున్నాను. అందలేదు. జార్జ్ ఎలియట్ వాక్యం మొదలైతే నాలుగు మలుపులు తిరిగితే గానీ ఆగదు. ఈలోగా బాబు ఒక్క ఏడుపు ఏడిస్తే ఎవరి గురించి చెబుతోందో తప్పిపోయేది. మొదటి అధ్యాయమే మూడు రాత్రులు విన్నాను. నాలుగో రాత్రి ఎందుకో చెవి తెరుచుకుంది. రావెలో అనే ఊరు, ఊరి బయట రాళ్ళు తవ్విన గొయ్యి, దాని పక్కన ఒంటరిగా మగ్గం నేసుకునే సైలస్, అన్నీ ఆ చీకట్లో కళ్ళముందు కనిపించాయి.

పొద్దున పదింటికి బాబు స్నానం. అమ్మ బాత్‌టబ్బులోనే చిన్న ప్లాస్టిక్ పీట వేసుకుని, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టేది. నేను గుమ్మం దగ్గర టవల్ పట్టుకుని నిలబడేదాన్ని. సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగుతుందని పెరటి తలుపు తీసి పెట్టేవాళ్ళం, గడ్డకట్టే చలి లోపలికి వచ్చేది. అలాంటి ఒక రోజు అడిగింది, "రాత్రంతా చెవిలో ఏం వింటున్నావే?"

చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి అదే పద్ధతి అయిపోయింది. రాత్రి ఇంగ్లీషులో వినడం, పొద్దున తెలుగులో అమ్మకి చెప్పడం. ఏదన్నా సరిగ్గా విననిది ఉంటే అమ్మ ప్రశ్న దగ్గర దొరికిపోయేదాన్ని. "ఆ పిల్ల తల్లి మంచులో పడి చచ్చిపోతే పిల్లకి చలి వెయ్యలేదా? పాకుతూ వచ్చిందా, నడిచొచ్చిందా?" అని అడిగేది. మర్నాడు రాత్రి మళ్ళీ వెనక్కి వెళ్ళి వినేదాన్ని. నడిచే వచ్చింది, సైలస్ ఇంటి తలుపు తీసి ఉంటే వెలుతురు చూసి.

అందులో డాలీ విన్‌త్రాప్ అనే ఆవిడ ఉంటుంది. బంగారం పోగొట్టుకున్న సైలస్‌ని ఓదార్చడానికి పందికొవ్వుతో చేసిన రొట్టెలు పట్టుకొస్తుంది. వాటి మీద ఐ, హెచ్, ఎస్ అనే అక్షరాలు అచ్చు గుద్ది ఉంటాయి. వాటి అర్థం ఆవిడకి తెలియదు, చదువు రాదు. చర్చిలో వేదిక మీద గుడ్డకి ఉండే అక్షరాలే కాబట్టి మంచివే అయి ఉంటాయని, మంచి కోరుకుంటూ వేస్తుంది. అమ్మ నలుగు పెట్టడం ఆపి, "శ్రీ రాసినట్టు" అంది. అమ్మకి ఉత్తరం రాసినా, బజారు చీటీ రాసినా పైన ముందు శ్రీ పడాల్సిందే. మా గైడులో డాలీ గురించి ఒకే ఒక్క లైను ఉండేది.

అలా వచ్చిన పిల్లని సైలస్ ఎప్పీ అని పేరు పెట్టి పెంచుకుంటాడు. అది అల్లరి చేస్తే బొగ్గుల కొట్లో పెడతాడు చూడండి, ఆ ఘట్టం చెప్పిన రోజు మర్చిపోలేను. పిల్లని కొట్టలేక, భయపెడదామని నిమిషం సేపు చీకటి కొట్లో పెట్టి, మనసాగక వెంటనే తీసి, ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి అటు తిరుగుతాడు. ఇటు తిరిగేసరికి అది మళ్ళీ వెళ్ళి బొగ్గుల్లో కూర్చుని నేను కొట్లో ఉన్నానని ముద్దుగా చెబుతుంది. అమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే కాళ్ళ మీద బాబు ఉలిక్కిపడ్డాడు. "పెంచే మనిషికి పిల్ల దొరికింది, ఇంక బంగారం దేనికి" అనుకుంటూ వాడికి నీళ్ళు పోసింది.

జనవరిలో మంచు విపరీతంగా పడింది. వీధిలోకి అడుగు పెట్టే పని లేదు. అప్పుడు జార్జ్ ఎలియట్‌దే ఇంకో నవల, ది మిల్ ఆన్ ద ఫ్లాస్ మొదలుపెట్టాను. ఏటి ఒడ్డున మిల్లు, అందులో టలివర్ కుటుంబం, అన్న టామ్, చెల్లెలు మాగీ. మొదటి రోజు ఇంత చెప్పానో లేదో, అమ్మ అంది: "ఏటి పక్కన ఇల్లంటున్నావు. నీళ్ళొస్తాయి చూడు."

ఆ నవలలో మాగీ తల్లి వైపు అక్కచెల్లెళ్ళు ఉంటారు. డాడ్సన్ల ఆడపిల్లలమని వాళ్ళకి మహా పట్టింపు. మా ఇంట్లో ఇలా చెయ్యం, మా ఇంట్లో నెయ్యి ఇలాగే కాస్తాం అనే తరహా. పెద్దావిడ మిసెస్ గ్లెగ్ మాట అందరికీ భయం. అమ్మ ఆవిణ్ణి మొదటి రోజే గుర్తుపట్టేసింది, మా పెద్దమ్మమ్మ అని. మిసెస్ పుల్లెట్ కొత్త టోపీ చూపించే ఘట్టం అయితే అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. ఒక బీరువా తీసి, మడతల కింద నుంచి తాళంచెవి తీసి, ఇంకో గదికి వెళ్ళి తలుపు తీసి, చీకటి గదిలో ఇంకో బీరువా తీసి, దుప్పట్లూ కాగితం పొరలూ తొలగిస్తే అప్పుడు బయటపడుతుంది టోపీ. చూపించి, ఇది మళ్ళీ పెట్టుకునే యోగం ఉంటుందో లేదో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. "మా అత్తగారు కంచిపట్టు చీర అలాగే దాచారు, కలరా ఉండలు వేసి. నాలుగుసార్లు కట్టారేమో" అంది అమ్మ. ఎప్పుడూ వాళ్ళ అత్తగారి మీద విసుక్కునే మనిషి, ఆ రోజు గొంతులో విసుగు లేదు.

కావెంట్రీలో మాకు చుట్టాలెవరూ లేరు. తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు తెలుసు, వాళ్ళూ ఊరికి ఆ చివర. పురిటింట్లో నిండా మనుషులుండాలి, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు, బాబు ఎవరి పోలిక అని కొట్లాడుకునేవాళ్ళు. ఆ చలికాలం మా ఇంటికి వచ్చిన పెద్దత్తలు, పిన్నత్తలు అందరూ ఆ పుస్తకంలోంచే వచ్చారు. గ్లెగ్ ఉంటే ఏమనేది, పుల్లెట్ ఉంటే ఏమనేది అని వంట చేస్తూ మాట్లాడుకునేవాళ్ళం.

టలివర్‌కి నీళ్ళ మీద కోర్టు తగాదా. పైన ఉన్నవాడు పొలానికి కాలవ తీస్తే తన మిల్లుకి నీళ్ళు తగ్గుతాయని. లా అంటే ఏమిటో అర్థం కాని మనిషి, లా మీదే పంతం పడతాడు. కేసు ఓడిపోతాడు, మంచాన పడతాడు, ఇంటి సామాను జప్తుకి వస్తుంది. అప్పుడు మిసెస్ టలివర్ సామాను గదిలో తన బట్టల మధ్య కూర్చుని ఉంటుంది. తను పెళ్ళికి ముందు స్వయంగా నూలు వడికి నేయించుకున్న బల్లగుడ్డలు, పుట్టింటి పేరు అక్షరాలు వేసుకున్న వెండి టీపాట్. వేలంలో అవి ఎవరెవరి ఇళ్ళకో పోతాయి, పేరు మాత్రం తనదే ఉంటుంది. ఇది చెబుతున్నప్పుడు అమ్మ వంటింట్లో ఉంది. ఆ పేరున్న గిన్నెలోనే చారు కాస్తోంది. గరిటె పెట్టి ఊరికే కలుపుతూ ఉండిపోయింది. అక్కచెల్లెళ్ళు కొనలేదా అని అడిగింది. పెద్దగా కొనలేదన్నాను. "కొనరు" అంది.

ఆ తర్వాత టలివర్ కొడుకు చేత ఇంట్లో బైబిలులో రాయిస్తాడు, ఎదుటి పక్షం లాయరు వేకెమ్‌ని ఎన్నటికీ క్షమించనని. ఆ రోజు అమ్మ ఏమీ అనలేదు. నాకూ చెప్పి ఉండకూడదేమో అనిపించింది.

ఎందుకంటే మా ఇంట్లోనూ నీళ్ళ తగాదా జరిగింది. గౌతమి పక్కన లంక ఊరు మాది. నాన్న చేనూ మావయ్య చేనూ ఒకే గట్టు. ఒక ఏడాది బోదె దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ ఊళ్ళో మనుషుల ముందు అనుకోరాని మాటలు అనుకున్నారు. అప్పటి నుంచి రెండేళ్ళు రాకపోకలు లేవు. రాఖీలూ అవీ మా వైపు లేవు గానీ, సంక్రాంతికి ఆడపడుచుకి చీర పెట్టడం ఉంది. రెండు సంక్రాంతులు చీర రాలేదు. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

నవల వారం రోజులు ఆపేశాం. ఏదన్నా తేలికైనది చెప్పవే అంటే క్రాన్‌ఫర్డ్ విన్నాను, ఎలిజబెత్ గాస్కెల్ రాసింది. ఊరంతా ఆడవాళ్ళే పెద్దలు. సున్నపు గోతిలో పడి బొచ్చంతా పోయిన ఆవుకి బూడిదరంగు ఫ్లానెల్‌తో చొక్కా కుట్టి తొడిగిస్తుంది ఒకావిడ. మిస్ మాటీ రెండు కొవ్వొత్తులు పెట్టుకుని ఒక్కటే వెలిగించేది, ఎవరన్నా వస్తే రెండూ వెలిగించాలి కాబట్టి, రెండూ ఒకే పొడుగు కనిపించేలా మార్చి మార్చి వెలిగించేది. ఇది చాలా మంచి ఇల్లు అంది అమ్మ. ఆ కథ 1851 నుంచి 1853 దాకా డికెన్స్ నడిపిన పత్రికలో విడివిడిగా వచ్చింది. అప్పట్లో అక్కడి ఇళ్ళల్లో రాత్రి పూట ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు కుట్టుపని చేసుకుంటూ వినేవాళ్ళు. మా అరుగు మీద మధ్యాహ్నం మా అత్తయ్య వారపత్రికలో సీరియల్ పైకి చదివేది, చిక్కుడుకాయలు తుంచుతూ నలుగురు వినేవాళ్ళు. అందుకేనేమో చెవితో కథ వినడం అమ్మకి కొత్తగా అనిపించనే లేదు.

మార్చిలో కాస్త ఎండ వచ్చాక బాబుని తోపుడు బండిలో వేసుకుని బస్సెక్కి ననీటన్ వెళ్ళాం. కావెంట్రీ పక్కనే. అది జార్జ్ ఎలియట్ ఊరు. అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్, 1819 నవంబరు 22న అక్కడ ఆర్బరీ ఎస్టేటులో పుట్టింది. తండ్రి ఆ జమీందారు భూములు చూసే మేనేజరు. నెలల పిల్లగా ఉన్నప్పుడు వెళ్ళిన గ్రిఫ్ హౌస్‌లోనే పెరిగింది, ఇప్పుడది హోటలు. ఊరి మధ్య ఆవిడ విగ్రహం ఉంది, కూర్చుని ఉంటుంది. 1986లో పెట్టారు. ఆ సంవత్సరం చూసి అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఊళ్ళో ఆ సంవత్సరం అంటే ఒకటే అర్థం.

విగ్రహం పక్కన బల్ల మీద కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగుతూ ఆవిడ సంగతి చెప్పాను. ఆవిడకీ ఒక అన్న, ఐజాక్. చిన్నప్పుడు వాడి వెనకే తిరిగేది. పెద్దయ్యాక జార్జ్ హెన్రీ లూయిస్ అనే రచయితతో కలిసి ఉంది. ఆయనకి అప్పటికే పెళ్ళయింది, విడాకులు కుదరలేదు. 1857లో ఆ సంగతి అన్నకి ఉత్తరం రాసింది. ఆయన లాయరు చేత జవాబు రాయించాడు. ఆ తర్వాత 23 ఏళ్ళు మాట లేదు. ఆ మౌనం మొదలైన మూడో ఏట వచ్చింది ది మిల్ ఆన్ ద ఫ్లాస్. లూయిస్ పోయాక, 1880 మేలో ఆవిడ జాన్ క్రాస్‌ని చర్చిలో పెళ్ళి చేసుకున్నాక అన్న ఉత్తరం రాశాడు. ఆ డిసెంబరులోనే ఆవిడ పోయింది.

"తోడబుట్టినదానికి లాయరు చేత రాయించాడా?" అంది అమ్మ. ఇరవై మూడేళ్ళ సంగతి తర్వాత. ముందు ఆ లాయరు దగ్గరే ఆగిపోయింది. బస్సులో తిరిగి వస్తూ మళ్ళీ అదే మాట.

ఏప్రిల్ 16న అమ్మ తిరుగు ప్రయాణం. నవల ఇంకా మిగిలే ఉంది. కావాలనే నెమ్మది చేశాను, ఎందుకంటే చివర ఏం జరుగుతుందో నేను ముందే వినేశాను. చెప్పకుండానే పంపేద్దామనుకున్నాను. సామాను సర్దేశాం, ఊరగాయ జాడీలు ఖాళీ అయ్యాయి. 15న ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బూడిద వల్ల విమానాలన్నీ ఆగిపోయాయని టీవీలో చెప్పారు. దాదాపు వారం ఇంగ్లండ్ ఆకాశంలో విమానం లేదు. వీసా గడువు దగ్గర పడుతోందని మా ఆయనకి ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం కట్టిన సూట్‌కేసు విప్పి గిన్నె బయటికి తీసి, "ఇంక చెప్పు, నీళ్ళెప్పుడొచ్చాయి?" అంది.

చెప్పాను. అన్న టామ్ మాగీని ఇంట్లోంచి వెళ్ళగొడతాడు, ఊరు నానా మాటలూ అంటుంది. రోజుల తరబడి వాన. ఒక రాత్రి మాగీ కాళ్ళ కింద నీళ్ళు చల్లగా తగులుతాయి. పడవ దొరుకుతుంది. ఒక్కతే తెడ్డు పట్టుకుని, మునిగిన చేలకి అడ్డం పడి, మిల్లు దగ్గరికి అన్న కోసం వెళుతుంది. టామ్ పై కిటికీలోంచి పడవలోకి దిగుతాడు. అప్పుడు చూస్తాడు చెల్లెలి మొహం. చిన్నప్పుడు పిలిచే పేరుతో పిలుస్తాడు, మాగ్సీ అని.

అక్కడ ఆపాను. అమ్మ నా వంక చూడలేదు. బాబు కాలి వేళ్ళు ఒక్కొక్కటే లాగి మెటికలు విరుస్తోంది.

"మీ మావయ్య కూడా అటక దగ్గరికే వచ్చాడు" అంది.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు. నాకు ఏడేళ్ళు. నాన్న ఊళ్ళో లేరు, రాజమండ్రిలో చిక్కుకుపోయారు. అమ్మ, నేను, చెల్లి అటక మీద. కింద నీళ్ళలో మా పీటలు, బుట్టలు తేలుతున్నాయి. పెంకులు తీసి తల బయటికి పెట్టి చూస్తే నావ మీద మావయ్య. రెండేళ్ళుగా మా గుమ్మం తొక్కని మనిషి. అమ్మ ముందు మమ్మల్ని దింపింది. తర్వాత పేర్లు చెక్కిన గిన్నెలు ఒక్కొక్కటీ అందించడం మొదలుపెట్టింది. మావయ్య కిందనుంచి అరిచాడు: "సామాను సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు దిగు అక్కా!" అమ్మ ఒక్క గిన్నె పట్టుకుని దిగింది. నావలో ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఏటిగట్టు ఎక్కాక మావయ్య తన తువ్వాలు తీసి అమ్మ తల తుడిచాడు. అది మాత్రం నాకు బాగా గుర్తు.

"తర్వాత?" అంది అమ్మ.

"పడవ నిలవలేదమ్మా."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

"కలిసే ఉన్నారా?"

"ఒకళ్ళనొకళ్ళు పట్టుకునే ఉన్నారు."

అమ్మ బాబుని భుజాన వేసుకుని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు ఆ ఖాళీ ఆకాశం కేసి చూస్తూ వాడి వీపు నిమురుతూ ఉంది.

విమానాలు మొదలయ్యాక వెళ్ళిపోయింది. గిన్నె నా వంటింట్లోనే వదిలేసింది. ఇప్పుడు అమ్మ లేదు, మావయ్య లేడు. ఆ తర్వాత నేను మిడిల్‌మార్చ్ విన్నాను, హార్డీ పల్లెల కథలు విన్నాను, పొద్దున చెప్పుకునే మనిషి లేకుండానే.

అప్పట్లో అమ్మ ఊరు చేరిన వారానికి ఫోన్ చేస్తే అటు మావయ్య కూడా ఉన్నాడు. అమ్మ అప్పటికే కథంతా చెప్పేసిందట. మావయ్య ఫోన్ లాక్కున్నాడు.

"ఏమే అమ్మడూ, ఆ పిల్ల పడవ ఎలా పోయింది? తిరగబడిందా?"

"లేదు మావయ్యా. రేవు దగ్గర విరిగిన కొయ్య సామానంతా ఒక్క గుట్టగా కొట్టుకొచ్చి మీద పడింది."

"అదీ! వరదలో నీళ్ళని చూసుకుంటే సరిపోదే, వెనకనుంచి వచ్చే దుంగల్ని చూసుకోవాలి. ఆ రోజు నాకు వెనక మనవాడొకడు గెడ పట్టుకుని నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. పాపం, ఆ పిల్ల ఒక్కతే వచ్చిందిగా."